విదేశీ మార్కెట్లకు ఆరోగ్య ఆవిష్కరణలు: పోటీలు, పరీక్షలు, కొంత చరిత్ర

ఉపోద్ఘాతం

బొబ్బిలిలోనో, సాలూరులోనో, పార్వతీపురంలోనో ఉండి ఈ పాఠం చదువుతున్నవారు ముందుగా ఒక చిన్న పని చేయండి. మీ ఇంట్లోగానీ పక్కింట్లోగానీ 2016-17 ప్రాంతంలో పుట్టిన పిల్లల టీకా కార్డు ఉంటే అడిగి చూడండి. ఆరో వారం, పదో వారం, పద్నాలుగో వారం గడుల్లో ‘రోటా’ అనే మాట కనిపించవచ్చు. పసిపిల్లల విరేచనాలకు ముఖ్య కారణమైన రోటావైరస్‌కు టీకాను కేంద్ర ప్రభుత్వం 2016లో సార్వత్రిక టీకా కార్యక్రమంలో చేర్చినప్పుడు మొదట నాలుగు రాష్ట్రాలను ఎంచుకుంది. ఒడిశా, హర్యానా, హిమాచల్ ప్రదేశ్‌లతో పాటు ఆంధ్రప్రదేశ్ కూడా వాటిలో ఉంది. బిడ్డ నోట్లో ఐదు చుక్కలు వేస్తారు, అంతే. అప్పుడు వేసిన టీకా పేరు రోటావాక్. తయారుచేసింది హైదరాబాద్‌లోని భారత్ బయోటెక్. 2018 జనవరిలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని తన అర్హత జాబితాలో చేర్చింది. అదే ఏడాది పాలస్తీనాలోని పిల్లలకూ అవే చుక్కలు వేయడం మొదలైంది.

చరిత్ర విద్యార్థులుగా మీరు శాసనాలను, కైఫీయతులను, గెజిటీర్లను ఆధారాలుగా చూడటం ఇప్పటికే నేర్చుకున్నారు. టీకా కార్డు కూడా ఒక ఆధారమే. మన దగ్గర తయారైన ఆరోగ్య వస్తువు పరాయి దేశానికి ఏ దారిన చేరుతుంది? మధ్యలో దానిని ఎవరు ఆపుతారు, ఎవరు దాటిస్తారు? ఆ కార్డు చూస్తే పుట్టవలసిన ప్రశ్నలు ఇవి.

ఈ దాటించే పని కోసం ఇటీవలి దశాబ్దాల్లో పోటీలు నిర్వహించడం పరిపాటి అయింది. ఆరోగ్య రంగంలో కొత్త పరికరమో, పరీక్షో, మందో తయారుచేసినవారు దరఖాస్తు పెట్టుకుంటారు. ఎంపికైనవారికి కొంత డబ్బు, కొంత శిక్షణ, విదేశీ కొనుగోలుదారులతో పరిచయం దొరుకుతాయి. పత్రికల్లో మనకు కనిపించేది పెద్ద చెక్కు పట్టుకున్న ఫొటో. నిజానికి ఆ చెక్కు మీది అంకె కంటే దానితో పాటు దొరికే పరీక్షా సదుపాయానికి, పత్రాల తయారీలో అందే సాయానికి విలువ ఎక్కువ. సరిహద్దు దగ్గర వస్తువు ఆగిపోయేది చాలాసార్లు సాక్ష్యం చాలక. ఈ పాఠంలో మనం చూడబోయేది ఆ సాక్ష్యం సంపాదించుకున్న చరిత్రనే.

మనిషే సముద్రం దాటిన కాలం

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు వైద్య కళాశాలలో చదివే రోజుల్లో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుడి కోపానికి గురయ్యారని, అందుకే పూర్తి డిగ్రీ రాక ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చిందని ఆయన జీవితచరిత్రకారులు రాశారు. స్ప్రూ అనే జీర్ణకోశ వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. 1923లో ఆయన బోస్టన్ చేరారు. ప్రయాణానికి, చదువుకు డబ్బు మామగారి నుంచి, కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ నుంచి సమకూరింది. ఈనాటి మాటలో చెప్పాలంటే ఆయనకు దొరికిన గ్రాంటు అదే. న్యాయనిర్ణేతలు లేరు, దరఖాస్తు ఫారం లేదు.

1940లో ఆయన అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలల్లో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన అమెరికా సైనికులకు ఫైలేరియా సోకడంతో ఆ జబ్బుకు మందు కావలసి వచ్చింది. సుబ్బారావు నాయకత్వంలోని బృందం రూపొందించిన డైఈథైల్ కార్బమజైన్ 1947లో వెలుగులోకి వచ్చింది. హెట్రజాన్ దాని వ్యాపార నామం. మరుసటి ఏడాదే ఆయన మరణించారు.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలవారికి ఫైలేరియా గురించి చెప్పనక్కర లేదు. బోదకాలు అంటే చాలు. 2004 నుంచి దేశంలో ఏడాదికోసారి సామూహికంగా మాత్రలు మింగించే కార్యక్రమం సాగింది. ఆరోగ్య కార్యకర్త ఇంటికి వచ్చి, తన ఎదుటే మింగమని పట్టుబట్టిన ఆ మాత్ర సుబ్బారావు బృందం మందే. భీమవరంలో పుట్టిన మనిషి తలలోని ఆలోచన న్యూయార్క్ రాష్ట్రంలో మందుగా మారి, అక్కడి నుంచి బొబ్బిలి వీధులకు తిరిగి వచ్చింది. ఆయన ఇక్కడే ఉండి ఉంటే? ఈ ప్రశ్నను ఊహాగానంగా కొట్టివేయకండి. ఆనాడు మద్రాసు రాష్ట్రంలో ఆయనకు అలాంటి ప్రయోగశాల లేదు, మందును పెద్ద ఎత్తున తయారుచేసే కర్మాగారం లేదు, తయారైనదాన్ని పరీక్షించి మరో దేశం నమ్మేలా చెప్పగల సంస్థ లేదు. ఆ మూడూ ఉన్నచోటికి మనిషే వెళ్లాడు.

చట్టం పెట్టిన పందెం

మనిషికి బదులు వస్తువు సముద్రం దాటడానికి రెండు చట్టాలు తోడ్పడ్డాయి. ఒకటి మనది, ఒకటి అమెరికాది.

1970 నాటి భారత పేటెంట్ల చట్టం 1972లో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం 2005లో సవరించే వరకు మందుకు పేటెంటు ఉండేది కాదు, మందు తయారుచేసే పద్ధతికి మాత్రమే ఉండేది. వేరే పద్ధతిలో అదే మందు తయారుచేసుకునే వీలుండేది. సోవియట్ సహకారంతో హైదరాబాద్‌లో ఏర్పడిన ఐ.డి.పి.ఎల్. కర్మాగారం అప్పటికే ఒక తరం రసాయన శాస్త్రజ్ఞులకు బడిగా మారింది. కల్లం అంజిరెడ్డి అక్కడ పనిచేసి బయటికి వచ్చినవారే. ఆయన 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు.

అదే 1984లో అమెరికా ఒక చట్టం చేసింది. దానిని తెచ్చిన ఇద్దరు సభ్యుల పేరిట హాచ్-వాక్స్‌మన్ చట్టం అంటారు. ఒక మందు పేటెంటు చెల్లదనో, తమ మందు దానిని ఉల్లంఘించదనో సవాలు చేస్తూ మొట్టమొదట పూర్తి దరఖాస్తు దాఖలు చేసిన జనరిక్ కంపెనీకి 180 రోజుల పాటు మిగతా జనరిక్ కంపెనీల పోటీ లేకుండా అమ్ముకునే అవకాశం ఈ చట్టంలో ఉంది. దీనిని పోటీ అని ఎవరూ పిలవలేదు. వేదిక లేదు, జ్ఞాపిక లేదు. కానీ నియమాలున్నాయి, గడువుంది, ముందు చేరినవాడికి బహుమతి ఉంది. 2001 ఆగస్టులో ఫ్లూఆక్సెటిన్ 40 మిల్లీగ్రాముల క్యాప్సూళ్ల విషయంలో ఆ బహుమతిని డాక్టర్ రెడ్డీస్ గెలుచుకుంది. ఒక భారతీయ కంపెనీకి అది దక్కడం అదే మొదటిసారి.

జనరిక్ మందు కొత్త ఆవిష్కరణ కాదు కదా అని మీరు అడగవచ్చు. సరైన ప్రశ్నే. అయితే పరాయి దేశపు నియంత్రణ సంస్థ ఏం అడుగుతుందో, దానికి ఏ కాగితం ఎలా చూపాలో తెలుగు ప్రాంతపు పరిశ్రమ నేర్చుకున్నది ఈ జనరిక్ మందులతోనే. ఆ చదువు సులువుగా సాగలేదు. శ్రీకాకుళం జిల్లా రణస్థలం మండలంలోని పైడిభీమవరం మీకు తెలిసిన ఊరే. జాతీయ రహదారి మీద బస్సులో వెళ్తుంటే మందుల కర్మాగారాలు కనిపిస్తాయి. 2015 నవంబరులో అమెరికా ఆహార, ఔషధ సంస్థ డాక్టర్ రెడ్డీస్‌కు చెందిన మూడు కర్మాగారాలపై హెచ్చరిక లేఖ పంపింది. వాటిలో శ్రీకాకుళం జిల్లాది ఒకటి, మిగిలినవి మిర్యాలగూడ, దువ్వాడ. ఇలాంటి తనిఖీల్లో మందు మంచిదా కాదా అన్నది ఒక్కటే చూడరు. ఏ రోజు, ఏ గంటకు, ఎవరు, ఏ యంత్రం మీద, ఏ ఫలితం చూశారో అప్పటికప్పుడు రాశారా అన్నదీ చూస్తారు. పరీక్ష చేసి రాయకపోతే చేయనట్టే లెక్క. షిఫ్టు ముగిసే వేళ రణస్థలం కుర్రవాడు నింపే నమోదు పుస్తకం మీద మేరీలాండ్‌లోని అధికారి నిర్ణయం ఆధారపడి ఉంటుందన్నమాట.

యాభై రూపాయల టీకా

ఈ చరిత్రలో కాస్త ఎక్కువసేపు ఆగవలసిన చోటు ఇది.

కె.ఐ. వరప్రసాద రెడ్డి నెల్లూరు జిల్లా మనిషి. చదివింది ఎలక్ట్రానిక్స్ ఇంజనీరింగు, జీవశాస్త్రం కాదు. 1990ల ఆరంభంలో జెనీవాలో జరిగిన ఒక సమావేశానికి వెళ్లినప్పుడు హెపటైటిస్-బి టీకా గురించి విన్నారు. భారతీయులకు ఆ సాంకేతికత కొనే స్తోమత లేదని, ఇచ్చినా అర్థం చేసుకోలేరని అక్కడ ఎదురైన చులకన మాటే తనను ఈ పనికి పురిగొల్పిందని ఆయన అనేక సందర్భాల్లో చెప్పుకున్నారు. 1993లో శాంతా బయోటెక్నిక్స్ మొదలైంది. తల్లి పేరే కంపెనీకి పెట్టారు.

డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. ఎలక్ట్రానిక్స్ ఇంజనీరు టీకా చేస్తానంటే ఇక్కడి బ్యాంకులు ముందుకు రాలేదు. ఒమాన్ విదేశాంగ మంత్రి యూసుఫ్ బిన్ అలావీ పెట్టుబడి పెట్టారు, రుణానికీ సాయపడ్డారు. కేంద్ర ప్రభుత్వ సాంకేతిక అభివృద్ధి మండలి కూడా తరువాత చేయూతనిచ్చింది. పరిశోధన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో మొదలై, హైదరాబాద్‌లోని సీసీఎంబీ ప్రాంగణంలో కొనసాగింది. సొంత భవనం లేని కంపెనీకి ప్రభుత్వ ప్రయోగశాల గది ఇవ్వడం ఆ రోజుల్లో మామూలు విషయం కాదు. ఈ రోజు ఇంక్యుబేటర్ అంటున్నది దాదాపు అదే. పేరు తరువాత వచ్చింది.

1997 ఆగస్టులో షాన్‌వాక్-బి మార్కెట్‌లోకి వచ్చింది. జన్యు పునస్సంయోజన పద్ధతిలో మన దేశంలోనే తయారైన మొదటి టీకా అది. దిగుమతి టీకా డోసు సుమారు 700 రూపాయలకు పైగా ఉన్న రోజుల్లో దీని ధర 50 రూపాయల స్థాయికి దిగింది. కాలేయ క్యాన్సరుకు దారితీసే ఒక వైరస్ నుంచి బిడ్డను కాపాడటం అంతకుముందు డబ్బున్నవారి వ్యవహారం. కూలి చేసుకునే ఇంట్లో ముగ్గురు పిల్లలుంటే, ఒక్కొక్కరికి మూడు డోసులు చొప్పున లెక్క వేసి చూడండి.

ధర తగ్గిన మాత్రాన టీకా దేశం దాటదు. యునిసెఫ్ పేద దేశాల కోసం కొనాలంటే ప్రపంచ ఆరోగ్య సంస్థ ముందస్తు అర్హత నిర్ధారణ ఉండాలి. 1987లో మొదలైన ఈ విధానంలో కంపెనీ పత్రాలను పరిశీలిస్తారు, నమూనాలను పరీక్షిస్తారు, కర్మాగారానికి వచ్చి చూస్తారు. మరో షరతు కూడా ఉంది. టీకా తయారైన దేశపు నియంత్రణ సంస్థ సక్రమంగా పనిచేస్తూ ఉండాలి. అంటే ఒక కంపెనీ ఎంత మంచిదైనా, దాని ప్రభుత్వ నియంత్రణ వ్యవస్థ బలహీనమైతే తలుపు మూసుకుపోతుంది. షాన్‌వాక్-బికి ఆ అర్హత 2002లో దక్కింది. మార్కెట్‌లోకి వచ్చిన నాటి నుంచి లెక్కిస్తే ఐదేళ్లు.

ఇక్కడితో ఆపితే విజయగాథ అవుతుంది. చరిత్ర అలా ఆగదు. 2006లో ఫ్రాన్సుకు చెందిన మెరియూ సంస్థ శాంతాలో అధిక వాటా కొన్నది, 2009లో అది సనోఫీ చేతికి వెళ్లింది. 2010లో శాంతా తయారుచేసిన ఐదు జబ్బుల టీకా షాన్-5 సీసాల్లో తెల్లటి మడ్డి అంటుకుని కనిపించడంతో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని అర్హత జాబితా నుంచి తొలగించింది. యునిసెఫ్ పెద్ద ఒప్పందం చేజారింది. మళ్లీ జాబితాలో చేరేసరికి 2014 వచ్చింది. ఒకసారి పరీక్ష నెగ్గితే ఎల్లకాలం నెగ్గినట్టు కాదు.

అదే కంపెనీ నుంచి వచ్చిన కలరా టీకా షాన్‌కాల్‌ది మరో కథ. నోటిలో పోసే ఈ చవక టీకా 2011లో అర్హత పొందింది, హైతీ వంటి దేశాల్లో వాడారు. తరువాత సనోఫీ దాని ఉత్పత్తిని మానేయాలని నిర్ణయించుకుంది. 2022 చివరితో తయారీ ఆగింది. ప్రపంచంలో కలరా మళ్లీ విజృంభించి, టీకా చాలని రోజులవి. హైదరాబాద్‌లో తయారయ్యే ఒక టీకా కొనసాగాలా వద్దా అన్నది అప్పటికి హైదరాబాద్‌లో తేలే విషయంగా లేదు. విదేశీ మార్కెట్‌కు చేరడం గురించి మాట్లాడేటప్పుడు యాజమాన్యం గురించి కూడా మాట్లాడాలి. పోటీల ప్రకటనల్లో ఈ అధ్యాయం ఉండదు.

పోటీలు ఏం పరీక్షిస్తాయి?

బహుమతి ప్రకటించి ఆవిష్కరణను ఆహ్వానించడం పాత పద్ధతే. సముద్రం మీద రేఖాంశాన్ని కనుక్కునే పద్ధతికి బ్రిటిష్ పార్లమెంటు 1714లో 20,000 పౌండ్ల వరకు బహుమతి ప్రకటించింది. ఆహారాన్ని నిల్వచేసే విధానం కనిపెట్టినందుకు ఫ్రెంచి ప్రభుత్వం 1810లో నికోలా అప్పేర్‌కు 12,000 ఫ్రాంకులు ఇచ్చింది. రెండింటి వెనుకా నౌకలు, సైన్యాలు ఉన్నాయన్న సంగతి గమనించండి. బహుమతి పెట్టేవాడి అవసరమే ప్రశ్నను నిర్ణయిస్తుంది.

మన దేశంలో విదేశీ మార్కెట్‌ను దృష్టిలో పెట్టుకుని జరిగిన పోటీల్లో 2007లో మొదలైన ఇండియా ఇన్నోవేషన్ గ్రోత్ ప్రోగ్రామ్ ముఖ్యమైనది. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ, అమెరికాకు చెందిన లాక్‌హీడ్ మార్టిన్, ఫిక్కీ, టెక్సాస్ విశ్వవిద్యాలయంలోని ఒక సంస్థ కలిసి నడిపాయి. యుద్ధవిమానాల కంపెనీ ఇందులోకి ఎందుకు వచ్చిందని మీకు అనిపిస్తే ఆ అనుమానం చరిత్ర విద్యార్థికి ఉండవలసినదే. ఆరోగ్యంతో పాటు ఇతర రంగాలవారూ ఇందులో పోటీపడ్డారు. ఎంపికైనవారికి తమ వస్తువును అంతర్జాతీయ కొనుగోలుదారుడికి ఎలా వివరించాలో శిక్షణ ఇచ్చారు. 2009లో భారత్, అమెరికా ప్రభుత్వాలు కలిసి ఏర్పరచిన శాస్త్ర సాంకేతిక నిధి కూడా పోటీ పద్ధతిలోనే రెండు దేశాల ఉమ్మడి జట్లకు సాయం చేస్తుంది. అందులో ఆరోగ్యానికి ప్రత్యేక విభాగం ఉంది. 2012లో ఏర్పడిన బిరాక్ అనే కేంద్ర ప్రభుత్వ సంస్థ తొలిదశ ఆలోచనలకు పోటీ పద్ధతిలో 50 లక్షల రూపాయల వరకు గ్రాంటు ఇస్తుంది. దేశం దాటడం అక్కడికి చాలా దూరంలో ఉంటుంది, కానీ మొదటి నమూనా తయారయ్యేది ఆ డబ్బుతోనే.

ఒక ఊహాజనిత ఉదాహరణతో చూద్దాం. బొబ్బిలికి చెందిన ఒక యువతి, సూది గుచ్చకుండా వేలి మీద కాంతి ప్రసరింపజేసి రక్తహీనతను అంచనా వేసే చిన్న పరికరం చేసిందనుకోండి. సాలూరు ఏజెన్సీలో గర్భిణుల రక్తహీనత ఆమె కళ్లారా చూసింది. ప్రయోగశాల దాకా వాళ్లు రాలేరు, పరికరమే వాళ్ల దగ్గరికి వెళ్లాలి. ఆలోచన బాగుంది. ఇప్పుడు పోటీ న్యాయనిర్ణేతలు అడుగుతారు: రక్తపరీక్షతో పోల్చి చూశారా, ఎంతమంది మీద? నలభై రెండు డిగ్రీల ఎండలో అదే ఫలితం చూపుతుందా? వేలికి పసుపో గోరింటాకో ఉంటే? బ్యాటరీ అయిపోతే టాంజానియాలోని నర్సు ఎవరికి ఫోన్ చేయాలి? నాణ్యతా వ్యవస్థకు ఐ.ఎస్.ఓ. 13485 ధ్రువీకరణ ఉందా? ఐరోపాలో అమ్మాలంటే సి.ఇ. ముద్ర కావాలి, 2021 మే నుంచి అక్కడి నియమాలు మరింత కఠినమయ్యాయి, ఆ సంగతి తెలుసా?

చూడండి, ‘నీ ఆలోచన కొత్తదా’ అన్న ప్రశ్న వీటిలో ఎక్కడా లేదు. అది మొదటి వడపోతలోనే తేలిపోతుంది. అక్కడి నుంచి అంతా రుజువుల లెక్క. రుజువు ఎంత కష్టమో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. యాంటిబయాటిక్ నిజంగా అవసరమా, ఏది పనిచేస్తుంది అన్నది త్వరగా తేల్చే పరీక్ష కోసం 2014లో బ్రిటన్‌లో 80 లక్షల పౌండ్ల లాంగిట్యూడ్ బహుమతి ప్రకటించారు. పైన చెప్పిన 1714 నాటి బహుమతి జ్ఞాపకంగానే ఆ పేరు. భారతీయ జట్లకు బిరాక్ విడిగా సాయం చేసింది. బహుమతి స్వీడన్‌కు చెందిన జట్టుకు దక్కింది 2024లో. అన్ని షరతులకూ నిలిచే పరీక్ష దొరకడానికి పదేళ్లు పట్టింది.

మీ అవగాహనను పరిశీలించుకోండి: షాన్‌వాక్-బి, ఫ్లూఆక్సెటిన్ ఉదంతాలలో ‘పరీక్షించేవారు’ ఎవరు, వారు కోరిన సాక్ష్యం ఏమిటి? ఐదారు వాక్యాల్లో మీ నోటు పుస్తకంలో రాయండి.

విశాఖలో పరీక్షశాలలు

బొబ్బిలి యువతి దగ్గరికి తిరిగి వద్దాం. ఇరవై ఏళ్ల క్రితమైతే ఆమె పరికరాన్ని విద్యుదయస్కాంత భద్రత కోసం, శరీరానికి తగిలే భాగాల నిరపాయత కోసం పరీక్షించడానికి దూరపు నగరాలకో, విదేశాలకో పంపవలసి వచ్చేది. ఫీజు ఒక ఎత్తు, ప్రతిసారీ తప్పు దిద్దుకుని మళ్లీ పంపడం మరో ఎత్తు. చిన్నవాళ్లు ఎక్కువగా మధ్యలో వదిలేసేది ఇక్కడే.

ఆంధ్రప్రదేశ్ మెడ్‌టెక్ జోన్ ఈ అవసరం నుంచి పుట్టింది. విశాఖపట్నంలో ఉక్కు కర్మాగారం వైపు సుమారు 270 ఎకరాల్లో 2016లో శంకుస్థాపన జరిగింది, 2018 డిసెంబరులో ప్రారంభమైంది. అదే నెలలో ప్రపంచ ఆరోగ్య సంస్థ వైద్య పరికరాలపై నాలుగో ప్రపంచ సదస్సును విశాఖలోనే నిర్వహించింది. ఇతర పారిశ్రామిక వాడలకూ దీనికీ తేడా ఉంది. ఇక్కడ స్థలంతో పాటు ఉమ్మడి పరీక్షశాలలు ఉన్నాయి. ఒక్కొక్క కంపెనీ విడిగా కొనుక్కోలేని యంత్రాన్ని అందరూ అద్దెకు వాడుకుంటారు. కొత్త కంపెనీలకు ఇంక్యుబేటర్ కూడా ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు పరీక్షా కిట్లు, వెంటిలేటర్లు ఇక్కడ తయారయ్యాయి. విదేశాల నుంచి రావలసినవి సరిహద్దుల దగ్గర ఆగిపోయిన రోజుల్లో ఇది చిన్న సంగతి కాదు.

మన దేశం వాడే వైద్య పరికరాల్లో అధిక భాగం నేటికీ దిగుమతులే. మందుల్లో, టీకాల్లో మనం ఎగుమతిదారులం; పరికరాల్లో కొనుగోలుదారులం. దీనికి ఒక కారణం మన నియంత్రణ చరిత్రలో కనిపిస్తుంది. వైద్య పరికరాలకు ప్రత్యేక నియమావళి 2017లో గానీ రాలేదు, అమలు 2018 జనవరి 1 నుంచి. సొంత దేశంలో పరీక్ష రాయని విద్యార్థి పొరుగు దేశపు పరీక్షకు వెళ్తే ఎలా ఉంటుందో అంతకాలం మన పరికరాలదీ అదే స్థితి. మందులకు దశాబ్దాలుగా ఉన్న చట్టం పరికరాలకు ఇంత ఆలస్యంగా ఎందుకు వచ్చిందన్నది ఇంకా లోతుగా పరిశోధించదగిన అంశమని ఈ రచయిత అభిప్రాయం.

దూరపు కొనుగోలుదారుడు గుర్తింపును చూసి కొంటాడన్నది బొబ్బిలికి కొత్త కాదు. గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే బొబ్బిలి వీణకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వీణ నాదం గుర్తింపు వల్ల మారలేదు. కానీ ఊరూ పేరూ తెలియని కొనుగోలుదారుడికి అది ఒక హామీ. వైద్య పరికరం విషయంలో ఆ హామీకి ప్రాణాల మీద పూచీ కూడా కలుస్తుంది.

సాక్ష్యం ఎవరి శరీరం నుంచి వస్తుంది?

ఇంతవరకు సాక్ష్యం, రుజువు అన్నాం. అవి ఎక్కడి నుంచి వస్తాయి? మనుషుల శరీరాల నుంచి.

రోటావాక్ కథకు మళ్లీ వెళ్దాం. 1980లలో ఢిల్లీ ఎయిమ్స్‌లో డాక్టర్ ఎం.కె. భాన్ బృందం నవజాత శిశువుల్లో ఒక వైరస్ రకాన్ని గుర్తించింది. ఆ శిశువులకు అది సోకినా జబ్బు చేయలేదు. అక్కడి నుంచి టీకా విడుదలైన 2015 దాకా మూడు దశాబ్దాలు గడిచాయి. ఢిల్లీ, పుణె, వెల్లూరులలో దాదాపు 6,800 మంది పసిపిల్లల మీద జరిగిన పరీక్ష దానికి ఆధారం. ఆ కుటుంబాలు ఒప్పుకుని వచ్చాయి కాబట్టే బొబ్బిలి బిడ్డకూ, పాలస్తీనా బిడ్డకూ ఐదు చుక్కలు దొరికాయి.

ఒప్పుకోవడం అన్న మాట తేలికైనది కాదు. 2009లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఖమ్మం జిల్లాలో, భద్రాచలం పరిసరాలతో సహా, 10 నుంచి 14 ఏళ్ల బాలికలు సుమారు 14,000 మందికి గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించే హెచ్.పి.వి. టీకా వేశారు. పాత్ అనే అమెరికా స్వచ్ఛంద సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి చేసిన అధ్యయనం అది. టీకా విదేశీ కంపెనీది. కొందరు బాలికలు మరణించడంతో ఆందోళన చెలరేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమాన్ని నిలిపివేశారు. మరణాలకు టీకా కారణమని విచారణలో తేలలేదు. తేలినది మరొకటి: గిరిజన వసతి గృహాల్లో ఉండే ఎందరో బాలికల విషయంలో తల్లిదండ్రుల బదులు వార్డెన్లు అంగీకార పత్రాల మీద సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటరీ స్థాయీ సంఘం తన నివేదికలో దీనిని తీవ్రంగా తప్పుపట్టింది. అదే ఏడాది క్లినికల్ పరీక్షలను పర్యవేక్షించే నైతిక కమిటీల నమోదు తప్పనిసరి అయింది.

ఆ టీకా మంచిదే, నేడు ఎన్నో దేశాల్లో వాడుతున్నారు. అయినా ఆ సంతకాల వల్ల ఈ ప్రాంతపు గిరిజన గ్రామాల్లో మిగిలిన అనుమానం ఏ ప్రచారంతోనూ సులువుగా పోదు.

దీనికి ఎదురు అంచున ఇంకో ఉదాహరణ. వేలికి తగిలించి రక్తంలో ఆక్సిజన్ చూసే పల్స్ ఆక్సీమీటరు కరోనా రోజుల్లో మన ఇళ్లలోకీ వచ్చింది. నల్లని చర్మం గలవారిలో అది ఆక్సిజన్‌ను ఉన్నదానికంటే ఎక్కువగా చూపుతోందని, ప్రమాదాన్ని కప్పిపుచ్చుతోందని అమెరికా పరిశోధకులు 2020 డిసెంబరులో ప్రచురించారు. ఆ పరికరాల తయారీలో, పరీక్షల్లో నల్లని చర్మం గలవారికి చాలినంత చోటు దక్కలేదు. మన బొబ్బిలి యువతి పరికరం కూడా వేలి మీద కాంతి ప్రసరింపజేసేదే. సాలూరు కొండల మీది జాతాపు, కొండదొర స్త్రీల వేళ్ల మీద అది సరిగా పనిచేస్తుందని రుజువైతే ఆ రుజువు ఆఫ్రికా దేశాల కొనుగోలుదారులకు ఐరోపాలో జరిగిన పరీక్ష కంటే ఎక్కువ ఉపయోగపడుతుంది. అంటే విదేశీ మార్కెట్‌కు ఆమె తీసుకువెళ్లే సరుకులో అతి విలువైన భాగం ఆ కొండ ఊళ్ల స్త్రీలు ఇచ్చినదే అవుతుంది.

అభ్యాసం: ఆమె పోటీకి దరఖాస్తు పెడుతున్నదనుకోండి. పరీక్షలో పాల్గొనే స్త్రీకి అంగీకార పత్రాన్ని ఏ భాషలో, ఎవరు, ఎప్పుడు చదివి వినిపించాలి? ఆమె కాదంటే ఆరోగ్య కేంద్రంలో అందే సేవలో ఏ మార్పూ ఉండదని ఆమెకు నమ్మకం కలిగేది ఎలా? పరికరం విదేశాల్లో అమ్ముడుపోయాక ఆ ఊరి ఉపకేంద్రానికి అది ఏ ధరకు అందాలి? దరఖాస్తులో ఈ మూడు అంశాల కింద ఆమె ఏం రాయాలో ఒక పుటకు మించకుండా మీరు రాసి, అధ్యయన కేంద్రంలో మీ కౌన్సెలర్‌తో చర్చించండి.